ఆవిడ గురించి ఒక్క వాక్యం

నాలుగైంది. ఐదింటికి ఈ జాబితా మూసుకుపోతుంది. నూట పన్నెండు మందిలో నూట పదకొండు మంది గురించి రాసేశాను, ఒక్క ఆవిడ పేరు దగ్గరే వేళ్ళు మొరాయిస్తున్నాయి. రేపటినుంచి ఈ గది నాది కాదు, ఈ కుర్చీ నాది కాదు, ఒక పక్కకి ఒరిగిపోయే ఈ కుర్చీని మూడేళ్ళూ తిట్టుకుంటూనే కూర్చున్నాను, ఇప్పుడు చూస్తే దీని మీద కూడా ప్రేమ పుట్టుకొస్తోంది, సిగ్గులేని మనసు. ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ళ శిక్షణ అంటే అందరూ జలుబూ దగ్గూ అనుకుంటారు, మా అమ్మ కూడా అంతే, "అన్నీ చూస్తానంటున్నావంటే ఏదీ సరిగ్గా చూడవనేగా" అని చేరిన కొత్తలో ఏడిపించేది, నేను ఉడుక్కుని, కాదమ్మా, మిగతావాళ్ళు జబ్బుని చూస్తారు, మేం మనిషిని చూస్తాం, అదే మనిషిని ఏళ్ళ తరబడి చూస్తాం, అందుకని మాకు ముందే తెలిసిపోతుంది అని ఉపన్యాసం దంచేదాన్ని. ఆ ఉపన్యాసం నాది కాదు, చేరిన రోజున మా శిక్షణ చూసే పెద్దసారు మాకు చెప్పింది, నేను అక్షరం పొల్లుపోకుండా అమ్మకి అప్పజెప్పాను. అమ్మ అదంతా విని, "అయితే నేను ఫోన్ చేసినప్పుడు ఆ టకటకలేంటే, నేను మనిషిని కాదా" అంది. ఫోన్ స్పీకర్లో పెట్టి పేషెంట్ల నోట్స్ కొట్టుకునేదాన్ని మరి. ఊఁ, ఊఁ అంటూ.

ఏళ్ళ తరబడి అంటాం గానీ మేం ఇక్కడ ఉండేది మూడేళ్ళే. మూడేళ్ళు కాగానే మూటా ముల్లే సర్దుకుంటాం, మన పేషెంట్లందరూ కొత్తగా చేరే రెసిడెంటుకి వెళ్ళిపోతారు, మాకు మా సీనియర్లు ఇచ్చిపోయినట్టే. అలా ఇచ్చిపోయేటప్పుడు ఒక్కొక్క పేరు పక్కన ఒక గడి ఉంటుంది, పసుపు రంగు గడి, ఆ మనిషి గురించి కొత్త డాక్టరుకి చెప్పాల్సింది ఒక్క వాక్యంలో రాయాలి. ఆ తరవాత ఎప్పుడు ఆ పేరు తెరిచినా అన్నిటికంటే పైన ఆ వాక్యమే కనిపిస్తుంది. రక్తపోటు ఎంతో, వయసెంతో అదంతా దాని కిందే. ఇంకొకటి కూడా ఉంది, ఆ గడిలో పాతవాళ్ళు రాసింది ముందే ఉంటుంది, మార్చాలనుకుంటే మార్చాలి, ముట్టుకోకపోతే అదే ముందుకి వెళ్ళిపోతుంది. సౌకర్యం కోసం అలా పెట్టారు. నిజంగా చాలా సౌకర్యం. ఆవిడ గడిలో ఇప్పుడు కూడా అదే ఉంది, నేను చేరిన రోజున ఉన్నదే, "మాటలెక్కువ, జబ్బు తక్కువ. పరీక్షలు అక్కర్లేదు, ధైర్యం చెబితే చాలు." ఐదింటిలోగా నేనేదో ఒకటి రాయకపోతే ఈ ముక్కే రేపు ఆ కొత్తమ్మాయి చేతికి వెళ్తుంది. ఆ అమ్మాయి ఫోటో పోయిన వారమే వచ్చింది, మా శిక్షణ విభాగం వార్తల కాగితంలో, కొత్తగా ఎంపికైన ఎనిమిది మందిలో మూడోది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది, నేనూ అలాగే నవ్వాను నేను చేరిన ఏడాది కాగితంలో. ఆ అమ్మాయి ఈ వాక్యాన్ని నమ్ముతుంది. ఎందుకు నమ్మదు, మొదటి వారం మాకు దిక్కూ మొక్కూ అవే కదా.

ఆ కాగితాన్ని నేను దాచుకునేదాన్ని ఒకప్పుడు. ఎవరికి పెళ్ళైంది, ఎవరి పరిశోధన అచ్చైంది, ఎవరు ఏ ఊళ్ళో ఉద్యోగంలో చేరారు, అన్నీ ఉంటాయి అందులో. ఈ శీతాకాలం దాన్లో నా ఫోటో వేశారు, ఏడాది పొడవునా ఎక్కువమందిని చూసి, ఒక్కరోజు కూడా వేళ తప్పని రెసిడెంటునట. పెద్దసారు భుజం తట్టి "గడియారం పెట్టుకోవాలంటే నిన్ను చూసి పెట్టుకోవచ్చమ్మా" అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు, పక్క గది నత్త కూడా కొట్టాడు. నత్త అంటే నాతోపాటు చేరినవాడే, పదిహేను నిమిషాల పేషెంటుతో నలభై నిమిషాలు కూర్చుంటాడు, వాడి గది ముందు జనం పేరుకుపోయి కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడతారు, నర్సులు వాణ్ణి చూస్తే తల పట్టుకుంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టడమే కాదు, వాడి పుట్టినరోజుకి కేకు మీద నత్త బొమ్మ వేయించాను, అందరం పగలబడి నవ్వాం, వాడూ నవ్వాడు, పెద్ద ముక్క నాకే కోసిచ్చాడు. నా ఫోటో వేసిన కాగితం వచ్చిన వారమే ఆ ఒక్క ఆవిడ బయాప్సీ రిపోర్టూ వచ్చింది. అండాశయం క్యాన్సరు, కడుపంతా పాకింది. రెండూ ఒకే ఉదయం తెరిచాను, ముందు నా ఫోటో చూసుకున్నాను, తరవాత అది. ఈ వరస గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆవిడది కుట్టుపని. బజారు వీధి చివర ఒకే గది దుకాణం, భర్త గుండీలు కుడతాడు, కాజాలు తీస్తాడు, ఆవిడ కత్తిరించి కుడుతుంది. మొదటిసారి నా దగ్గరికి వచ్చింది మోకాళ్ళ నొప్పికి, నేను చేరి అప్పటికి పదకొండు రోజులు, పేరు తెరవగానే పసుపు గడి, చదివి లోపల్లోపల నవ్వుకున్నాను, ఆవిడ నోరు తెరిచింది, ఇంక చూసుకో. మోకాళ్ళతో మొదలుపెట్టి మిషను పెడలు, పెడలు నుంచి మోటారు, మోటారు అమ్మినవాడు చేసిన మోసం, వాడి చెల్లెలి పెళ్ళికి తనే కుట్టిన బట్టలు, అక్కణ్ణించి నా కోటు మీదకి వచ్చింది. "నీ కుడి భుజం కాస్త పల్లం తల్లీ, బరువు సంచీ అటే వేసుకుంటావు కదూ, విప్పివ్వు, పైన ఒక కుట్టు వేస్తే సరిపోతుంది" అంది, టేపు పెట్టలేదు, పట్టి చూడలేదు, ఊరికే చూసి చెప్పింది. నాకు నవ్వొచ్చింది గానీ కన్ను గోడ గడియారం మీదే ఉంది. మేం ప్రతి పేషెంటునీ గదిలో కూర్చోబెట్టి, బయటికి వెళ్ళి, వరండా చివర కూర్చున్న పెద్దసారుకి రెండు నిమిషాల్లో చెప్పి, ఆయన సరేనంటే తిరిగొచ్చి మందు రాయాలి, మొదటి ఏడాది అది తప్పదు. ఆ రెండు నిమిషాల్లో మొదటి మాట ఏదైతే అదే పేషెంటు, తరవాత ఎన్ని చెప్పినా లాభం లేదు. నేను వెళ్ళి "మాటలెక్కువ పేషెంటు సార్" అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు. మా అమ్మ చెప్పింది ఊఁ కొట్టడమే గానీ వినడం రానిదాన్ని, ఆరోజు పదకొండు రోజుల అనుభవంతో ఒక మనిషిని మూడు మాటల్లో చెప్పేశానని పొంగిపోయాను.

తరవాత ఏడాదిన్నర ఆవిడ రక్తపోటుకి వచ్చిపోయేది, ఆశ్చర్యంగా పెద్దగా మాట్లాడేది కాదు, నేను నా ప్రతాపమే అనుకున్నాను, ధైర్యం చెప్పి దారిలో పెట్టాననుకున్నాను. ఆ తరవాత మొదలైంది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది అంది ఒకసారి. గ్యాసు మాత్ర. ఆరువారాలకి నడుము లాగేస్తోంది అంది, మిషను మీద కూర్చునే మనిషికి నడుము లాగక ఏం చేస్తుంది, నాలుగు వ్యాయామాలు ఉన్న కాగితం చేతిలో పెట్టాను. ఇంకోసారి ఊరికూరికే మూత్రానికి వెళ్ళాల్సొస్తోంది అంది, పరీక్ష చేయిస్తే ఏమీ లేదు. వచ్చిన ప్రతిసారీ కొత్త బాధ, పాతదాని ఊసు లేదు, చూశావా, గడిలో రాసిందే నిజం అనుకున్నాను. ఏడోసారి అనుకుంటా, కాదు, ఏడోసారే, తేదీ కూడా చూశాను ఇందాక, గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది, "తిండేమో తగ్గింది తల్లీ, బట్టలేమో నడుము దగ్గర రెండంగుళాలు వదులు చేసుకున్నాను, పోయిన నెల ఒకటి, ఈ నెల ఒకటి." వయసుకి అలాగే ఉంటుందమ్మా, సాయంత్రం కాస్త నడవండి అన్నాను. నడవండి అన్నాను. ముప్పై ఏళ్ళుగా మనుషుల నడుములు కొలిచే ఆవిడ వచ్చి, తన నడుము నెలకి అంగుళం చొప్పున పెరుగుతోందని అంకెతో సహా చెబితే, నడవండి అన్నాను. ఈ సొరుగులో నాకూ ఒక టేపు ఉంది, పసిపిల్లల తల చుట్టుకొలత చూడటానికి. తీసి చూడొచ్చు. బల్ల మీద పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేయొచ్చు. కానీ బల్ల ఎక్కించి, బట్టలు వదులు చేయించి, చూసి, దించి, అదంతా ఐదు నిమిషాల పని, బయట ముగ్గురున్నారు, నా గడియారం తప్పకూడదు కదా.

నా చోట ఇంకెవరున్నా ఆ రోజు ఆవిణ్ణి పడుకోబెట్టి చూసేవాళ్ళే అనుకుంటాను ఒక్కోసారి, ఇంకోసారి అలిసిపోయి ఉన్నాననుకుంటాను, ముప్పై గంటల డ్యూటీలు, నిద్ర లేదు, తిండి లేదు, అందరం అలాగే ఉన్నాం అనుకుంటాను. నత్త కూడా అలాగే ఉన్నాడు, వాడికీ నిద్ర లేదు. నేను నాలుగురోజులు సెలవు పెడితే ఎనిమిదోసారి ఆవిడ వాడికి పడింది. వాడు పసుపు గడి చదివాడట, చదివి, "ఎలాగూ ఎక్కువ మాట్లాడతారని రాసుంది కదా, అయితే మాట్లాడించేద్దాం" అనుకున్నాడట. యాభై నిమిషాలు. నర్సు తలుపు రెండుసార్లు కొట్టింది. కడుపు మీద చెయ్యి వేసిన నిమిషానికే లోపల నీరు తెలిసిందట వాడికి. నేను తిరిగొచ్చిన రోజు వాడు నా గదికి వచ్చి స్కానింగు కాగితం నా ముందు పెట్టి తన పేషెంట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఇది ఎవరికీ చెప్పుకోలేను, పెద్దక్కకి ఫోన్ చేశాను. పెద్దక్క అంటే నాకు ఈ పేషెంట్లని ఇచ్చిపోయిన సీనియరు, ఇప్పుడు వేరే ఊళ్ళో సొంత క్లినిక్కు. "అక్కా, ఆవిడ గురించి అలా ఎందుకు రాశావు" అన్నాను, తప్పు ఆ పక్కకి నెట్టేద్దామని గబగబా చేసిన ఫోన్ అది. పెద్దక్క "నేను రాయలేదే, నాకు ముందున్నదే ఉంచేశాను, నాకు ఆవిడ మొహం కూడా గుర్తులేదు" అంది. అంతకు ముందున్నవాళ్ళెవరో, వాళ్ళకీ ముందు ఎవరో. తొమ్మిదేళ్ళో, పన్నెండేళ్ళో కిందట ఏదో ఒక మధ్యాహ్నం ఎవరికో విసుగొచ్చి రాసిన మాట, ఎవరూ చెరపలేదు. నేను మాత్రం చెరిపానా? అది తెలిసిన తరవాత కూడా, ఆపరేషను అయిన తరవాత కూడా, మూడుసార్లు వచ్చింది ఆవిడ, మూడుసార్లూ పైన అదే కనిపించింది, చెరిపితే ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ మూడుసార్లూ చెబుదామనుకున్నాను, తప్పు నాదేనమ్మా, నేను వినలేదు, నాలుగు నెలల ముందే తెలియాల్సింది అని. మూడుసార్లూ రక్తపోటు చూసి పంపించేశాను. వేళకే పంపించాను.

తలుపు చప్పుడు. "మీ ఆఖరి పేషెంటు" అంది నర్సు, ఎవరో చెప్పక్కర్లేదు, పొద్దున్నే చూశాను, ఇవాళ్టి చివరి వేళ ఆవిడే అడిగి తీసుకుందట. నాలుగూ ముప్ఫై ఐదు. తలకి గుడ్డ కట్టుకుంది, దాని అంచు తనే కుట్టుకున్నట్టుంది, సన్నగా, సూటిగా. కూర్చునే ముందు కుర్చీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది, ఇదివరకు అలా ఆగేది కాదు. చేతికి రక్తపోటు పట్టీ చుడితే ఎప్పుడూ చుట్టే చోటు దాటి ఇంకో చుట్టు తిరిగింది. నూట పది, డెబ్బై. బాగుందమ్మా అన్నాను.

"ఇవాళే ఆఖరా తల్లీ?"

"ఆఖరేనమ్మా. రేపట్నుంచి మీకు కొత్త డాక్టరు." ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేవు, చెప్పు, నోరు తెరువు, మొద్దూ. "అమ్మా, మీకో మాట చెప్పాలి. మీ గురించి ఇక్కడ..."

"మాటలెక్కువ, జబ్బు తక్కువ. అదేనా?"

ఆవిడ కంప్యూటర్ వైపు గడ్డంతో చూపించింది. "మొదటి రోజే చూశాను. నువ్వు మీ పెద్దాయనకి చెప్పొస్తానని వెళ్ళావు. ఇది ఇటే తిరిగి ఉంది, పసుపుపచ్చగా కొట్టొచ్చినట్టు. ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను, ఏమయ్యా, నేను ఎక్కువ మాట్లాడతానా అని. ఇప్పటికి తెలిసిందా అని ఒకటే నవ్వు." తనూ కాస్త నవ్వింది. "అప్పట్నుంచీ వచ్చేటప్పుడు దారిలోనే అనుకునేదాన్ని, ఇవాళ ఒక్కటే చెప్పాలి, పిల్లకి బోలెడు పని, విసిగించకూడదు అని. కడుపు సంగతి చెప్పిన రోజు నడుము చెప్పలేదు. నడుము చెప్పిన రోజు ఆ మూత్రం గోల చెప్పలేదు. మీ ఆ అబ్బాయే, ఇంకా, ఇంకా అని అన్నీ లాగాడు."

వచ్చిన ప్రతిసారీ కొత్త బాధ. నాలుగూ ఒకే రోజు ఒకే నోటి నుంచి వచ్చి ఉంటే మొదటి ఏడాది పిల్లలకి కూడా అనుమానం వచ్చేది, నాకూ వచ్చేది, నిజంగా వచ్చేదా, ఏమో. నేను వినలేదనే ఇన్నాళ్ళూ కుమిలిపోతున్నాను, అంతకుముందే ఆవిడ నోరు నేను కట్టేశానని తెలియదు, తెర ఆవిడ వైపు తిప్పి వదిలేసి, పెద్దసారు దగ్గర గొప్పగా రెండు నిమిషాల్లో చెప్పడానికి వెళ్ళి. కళ్ళు నిండిపోయాయి. తప్పైపోయిందమ్మా అన్నాను, అని ఉంటాను, నన్ను క్షమించండి అన్నాను, ఆవిడ మోకాళ్ళ మీద ఉన్న చేతులు పట్టుకోబోయాను.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు. "ఏడవకు తల్లీ. నిన్ను ఓదార్చే ఓపిక ఇవాళ నాకు లేదు."

కళ్ళు తుడుచుకున్నాను. ఏం చెయ్యాలో తోచక జాబితా వైపు తిరిగాను, నాలుగూ యాభై ఒకటి, ఆవిడ చూస్తుండగానే ఆ గడిలో ఉన్నదంతా ఒక్కొక్క అక్షరం చెరిపేశాను, ఎంతసేపూ పట్టలేదు. ఖాళీ అయిన గడి ఎర్రగా మారింది, ఖాళీగా వదలకూడదని. ఏం రాయమంటారమ్మా అని అడిగాను. ఆవిడ ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది, గుడ్డ మీద ఎక్కడ కత్తెర పెట్టాలా అని చూస్తున్నట్టు. కొత్తగా వచ్చేది ఆడపిల్లేనా అంది. ఔనన్నాను. నీలాగే చురుకా అంది. తెలియదన్నాను.

"అయితే ఇలా రాయి. అడిగితే చెబుతుంది. అడక్కపోతే చెప్పదు."

అలాగే రాశాను. జాబితా వెళ్ళిపోయింది, నూట పన్నెండుకి నూట పన్నెండు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేవడానికి సిద్ధమైంది. లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ, పంపించే ముందు, ఇంకా ఏమైనా చెప్పాలనుందా అని అడగాలని చేరిన వారంలోనే నేర్పుతారు మాకు, దాని మీద పరీక్ష కూడా పెడతారు, నాకు నూటికి నూరు వచ్చాయి. ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు. బయట ఎవరూ లేరు, ఇంక చూడాల్సిన వాళ్ళెవరూ లేరు, నాకిప్పుడు ఎంత సేపైనా ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"అమ్మా, ఇంకా ఏమైనా చెప్పాలనుందా?"

ఆవిడ లేచి నిలబడింది, తలగుడ్డ సర్దుకుంది, తలుపు దాకా నెమ్మదిగా నడిచింది.

"ఉంది తల్లీ" అంది. "ఆ అమ్మాయికి చెప్పుకుంటాలే."